ప్లాన్ మార్చే ముందు నెట్ ఎక్కడ ఆగుతోందో చూడండి

నెట్ స్లోగా ఉందనగానే చాలా ఇళ్లలో ముందు ప్లాన్ మారుస్తారు. 50 ఎంబీపీఎస్ తీసేసి 100 పెట్టిస్తారు. అప్పటికీ వీడియో గుండ్రంగా తిరుగుతూనే ఉంటే కొత్త రూటర్ కొంటారు. అదీ కుదరకపోతే కంపెనీనే మార్చేస్తారు. ఇంత ఖర్చయ్యాక కూడా బాధ తీరదు, ఎందుకంటే నెట్ ఎక్కడ ఆగుతోందో ఈ మధ్యలో ఎవరూ చూడలేదు.

నేను ఒంగోలు లాయర్‌పేటలో ఉంటాను. ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తాను, అంటే పేషెంట్ల చార్టుల్లోని జబ్బులకీ చికిత్సలకీ కోడ్ నంబర్లు వేసే పని. పేషెంట్ల రికార్డులు మా లాప్‌టాప్‌లో ఉండవు, వీపీఎన్ అనే భద్రమైన దారిలో కంపెనీ సర్వర్‌లోకి వెళ్లి అక్కడే తెరవాలి. లైన్ ఒక్క నిమిషం పోయినా మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ, సగంలో ఉన్న చార్టు మళ్లీ మొదటి నుంచి. రోజుకి ఇన్ని చార్టులని టార్గెట్ ఉంటుంది కాబట్టి నెట్ సంగతి నేరుగా నా జీతం సంగతి. అందుకే పట్టుబట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు మా వీధిలోనూ, టంగుటూరు దగ్గరున్న మా పుట్టింటి ఊళ్లోనూ ఎవరింట్లో నెట్ మొరాయించినా నన్ను పిలుస్తారు. ఎక్కడికి వెళ్లినా నేను చూసే పద్ధతి ఒకటే.

మీ ఫోను నుంచి యూట్యూబ్ దాకా ఉన్న దారిని మూడు ముక్కలుగా అనుకోండి. ఫోనుకీ గోడ మీది నెట్ బాక్సుకీ (అదే రూటర్) మధ్య వైఫై మొదటి ముక్క. బాక్సు నుంచి వీధి స్తంభాల మీదుగా ఆపరేటర్ ఆఫీసుకి వెళ్లే ఫైబర్ రెండోది. అక్కడి నుంచి చెన్నై, హైదరాబాద్ మీదుగా బయటి ప్రపంచానికి వెళ్లేది మూడోది. మొదటిది మన చేతిలో పని. రెండోది లైన్‌మ్యాన్ పని. మూడోది కంపెనీ పని. తప్పు ఏ ముక్కలో ఉందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలియకుండా ఏం చేసినా అది అదృష్టం మీద ఆధారపడిన పనే.

ముందు లైట్లు

బాక్సు ముందు నిలబడి లైట్లు చూడండి, అర నిమిషం పట్టదు. పవర్ లైటు కాక ముఖ్యమైనవి రెండు. ఒకదాని దగ్గర పీఓఎన్ అనీ, ఇంకోదాని దగ్గర ఎల్ఓఎస్ అనీ ఇంగ్లిషు అక్షరాలుంటాయి. పీఓఎన్ పచ్చగా, నిలకడగా వెలుగుతుంటే మీ బాక్సుకీ ఆపరేటర్ దగ్గరి యంత్రానికీ లింకు ఉన్నట్టు. ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటుంటే ఫైబర్‌లో రావలసిన కాంతి బాక్సుకి చేరడం లేదు. ఎర్రలైటు ఉన్నంతసేపూ పాస్‌వర్డ్ మార్చినా, ఫోన్ రీస్టార్ట్ చేసినా ఏమీ జరగదు. బాక్సు కింద ఉండే పచ్చ కనెక్టర్ వదులైందేమో మెల్లిగా నొక్కి చూడండి, ఆ తర్వాత ఫోన్ చేసి కంప్లెయింట్ పెట్టండి. కనెక్టర్ ఊడి వస్తే దాని కొనకు వేలు తగలనివ్వకండి. వేలి జిడ్డు చాలు సిగ్నల్ తగ్గడానికి. ఆ కొనను కంటి దగ్గర పెట్టుకుని మాత్రం ఎప్పుడూ చూడకండి. అందులో వచ్చేది 1490 నానోమీటర్ల లేజర్ కాంతి, కంటికి కనిపించదు, కనిపించనంత మాత్రాన హాని లేదని కాదు. పిల్లలకి ఈ మాట గట్టిగా చెప్పండి.

ఇంకో జాగ్రత్త. బాక్సు వెనక సూది పట్టేంత చిల్లు ఉంటుంది, అది రీసెట్ బటన్. స్విచ్ ఆపి వేయడం వేరు, ఆ చిల్లులో సూది పెట్టి నొక్కడం వేరు. నొక్కితే లైన్‌మ్యాన్ వేసిన యూజర్ నేము, సెట్టింగులు అన్నీ చెరిగిపోయి ఆయన మళ్లీ వచ్చేదాకా నెట్ ఉండదు. స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేస్తే చాలు. అప్పుడు బాగుపడి, మర్నాడు మళ్లీ పాడైతే మాత్రం అది నయమైనట్టు కాదు. కారణం ఇంకా అక్కడే ఉంది.

తీగ పెట్టి కొలవండి

లైట్లు సరిగ్గా ఉన్నా స్లోగా ఉంటే, లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా బాక్సుకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ఈ ఒక్క పరీక్షతో మొదటి ముక్క, మిగతా రెండు ముక్కలు విడిపోతాయి. తీగలో 95 వచ్చి వైఫైలో 12 వస్తే ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు, తప్పు ఇంట్లోనే ఉంది. తీగలో కూడా 12 వస్తే వైఫై గురించి ఇక ఆలోచించక్కర్లేదు. లాప్‌టాప్ లేని ఇంట్లో మంచి ఫోను తీసుకుని, బాక్సుకి రెండు అడుగుల దూరంలో నిలబడి, పేరు చివర 5జీ అని ఉన్న వైఫైకి కలిపి చూడండి. తీగంత కచ్చితం కాదు కానీ పని జరుగుతుంది. ఆ 5జీకీ మొబైల్ 5జీకీ సంబంధం లేదు, వైఫై నడిచే 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి పెట్టిన పేరది.

కొలిచేటప్పుడు ఇంట్లో టీవీ, మిగతా ఫోన్లు ఆపించండి. మా అత్తయ్య సీరియల్ చూస్తుండగా నేను టెస్ట్ చేస్తే వచ్చే అంకె మా లైనుది కాదు, సీరియల్‌కి పోగా మిగిలింది. టెస్ట్ యాప్ ఏ సర్వర్‌ని ఎంచుకుందో కూడా చూడండి. కొన్నిసార్లు అది మీ ఆపరేటర్ సొంత సర్వర్‌నే పట్టుకుంటుంది. అప్పుడు కొలిచింది రెండో ముక్కని మాత్రమే, కాబట్టి 95 చూపిస్తుంది, వీడియో మాత్రం ఆగుతూనే ఉంటుంది. సర్వర్ మార్చి చెన్నైలో వేరే కంపెనీది పెట్టి ఒకసారి, నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్‌లో ఒకసారి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

అంకెల విషయంలో చాలామంది కంగారు పడేది ఒకటుంది. ప్లాన్‌లో చెప్పే 100 ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు. సినిమా డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ప్లాన్‌కి సెకనుకి 12 మెగాబైట్లు వస్తే అది సరైన వేగమే. ఇంకోటి, 200 ప్లాన్ వేయించుకున్నా తీగలో 94, 95 దగ్గరే ఆగిపోతుంటే బాక్సు పోర్టు 100 మెగాబిట్లదైనా అయ్యుండాలి, లాన్ కేబుల్ పాడైనా అయ్యుండాలి. గిగాబిట్ వేగానికి కేబుల్లోని ఎనిమిది తీగలూ పనిచేయాలి, 100కి నాలుగు చాలు. తలుపు కింద నలిగిన కేబుల్లో మిగతా నాలుగిట్లో ఒక్క తీగ తెగినా వేగం నిశ్శబ్దంగా 100కి దిగిపోతుంది, ఎక్కడా ఎర్రలైటు వెలగదు.

నిలకడ సంగతి స్పీడ్ టెస్టులో తెలియదు, పింగ్‌లో తెలుస్తుంది. పింగ్ అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అని ఇంగ్లిషులో కొట్టి, పక్కన 192.168.1.1 వేసి, చివర అడ్డగీత, టి పెడితే మీ బాక్సు జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తోందో వరసగా పడుతుంది. బాక్సు అడ్రస్ వేరే ఉంటే దాని కింద స్టిక్కర్ మీద రాసుంటుంది. ఇంకో కిటికీలో అలాగే 8.8.8.8 కి పింగ్ పెట్టండి, అది గూగుల్ సర్వర్. రెండూ పక్కపక్కన నడుస్తుండగా మీ పని మీరు చేసుకోండి. వీడియో ఆగిన క్షణంలో ఈ రెండూ చూడండి. బాక్సు పింగ్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఉంటూ గూగుల్ పింగ్ ఒక్కటే జవాబు రాక టైమవుట్ అవుతుంటే తప్పు బయట ఉంది. బాక్సు పింగే 300కి ఎగిరితే తప్పు ఇంట్లో ఉంది. నాకు దీన్ని మించిన సాక్ష్యం ఇంతవరకు దొరకలేదు.

ఇంట్లో తప్పుంటే

వైఫై బాధల్లో ఎక్కువ భాగం బాక్సు పెట్టిన చోటు వల్లే వస్తుంది. లైన్‌మ్యాన్ తీగ ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే మేకు కొట్టి వెళ్తాడు. అది వరండా మూలైనా, బీరువా వెనకైనా ఆయనకి అభ్యంతరం ఉండదు. ఇనప బీరువా, ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల డ్రమ్ము, ఇవి వైఫైకి గోడకన్నా పెద్ద అడ్డాలు. పాత మిద్దెల మందపాటి గోడలు, పైఅంతస్తుకి మధ్య ఉండే స్లాబు కూడా అంతే. బాక్సు హాలు మధ్యకి దగ్గరగా, మనిషి తల ఎత్తులో, చుట్టూ గాలి ఆడేలా ఉండాలి. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది. సెట్‌టాప్ బాక్సు మీద రూటర్, దాని మీద గుడ్డ కప్పి పెడితే మధ్యాహ్నం మూడుకల్లా అది వేడెక్కి తడబడటం సహజం.

2.4 గిగాహెర్ట్జ్ వైఫై దూరం వెళ్తుంది కానీ వేగం తక్కువ, పైగా పక్కిళ్లవన్నీ అందులోనే ఉంటాయి. మా వీధిలో ఫోన్ పట్టుకుని వెతికితే కనిపించే పేర్లు స్క్రీన్ దాటి కిందికి పోతాయి. 2.4లో ఒకదానికొకటి తగలని చానళ్లు 1, 6, 11 మాత్రమే. వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుని వాటిలో ఏది ఖాళీగా ఉందో చూసి బాక్సు సెట్టింగుల్లో (బ్రౌజర్‌లో బాక్సు అడ్రస్ కొడితే వచ్చే అడ్మిన్ పేజీలో) అది పెట్టండి, చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. టీవీ, లాప్‌టాప్ వీలైనంతవరకు 5 గిగాహెర్ట్జ్‌కే కలపండి. బాక్సు రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటే వేర్వేరు పేర్లు పెట్టుకోండి, లేకపోతే ఫోను తనకి తోచిన దాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

మేడ మీద గదికి నెట్ అందాలంటే చాలామంది ప్లగ్గులో పెట్టే రిపీటర్ కొంటారు. నా మాట వింటే అది కొనకండి. మామూలు రిపీటర్ విన్నదాన్నే అదే గాల్లో మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమైపోతుంది. కింద బాక్సు నుంచి పైకి ఒక లాన్ కేబుల్ లాగి, అక్కడ పాత రూటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే తీగలో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చేదిగా పెట్టండి. దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రసులు పంచే పని) ఆపేసి, ఐపీ అడ్రస్ కింద బాక్సుది కాకుండా వేరేది ఇచ్చి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే పోర్టు) కాక లాన్ పోర్టులో పెట్టాలి. కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్లకి అందులో పావు వంతు కూడా అక్కర్లేదు.

వీపీఎన్ మీద పనిచేసే వాళ్లు అప్‌లోడ్‌ని కూడా గమనించాలి. పెళ్లికి వెళ్లొచ్చిన రాత్రి ఇంట్లో వాళ్ల ఫోన్లు వందల ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాయి. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా నత్తనడక నడుస్తుంది, ఎందుకంటే వచ్చిన ప్రతిదానికీ అందిందని తిరిగి చెప్పే చిన్న జవాబులు ఆ క్యూలోనే ఇరుక్కుంటాయి. బ్యాకప్‌ని తెల్లవారుజామున పెట్టుకోండి. వాకిట్లో సీసీ కెమెరా క్లౌడ్‌కి రికార్డు చేస్తుంటే దాని క్వాలిటీ ఒక మెట్టు తగ్గించండి.

వీడియోలు బాగానే ఆడుతూ, కొత్త పేజీ తెరవడానికి మాత్రమే ఆలస్యమైతే డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్) 1.1.1.1 గానో 8.8.8.8 గానో మార్చి చూడండి. కొన్ని సైట్లు తెరుచుకుని కొన్ని అసలు తెరుచుకోకపోయినా, వీపీఎన్ కలిసినట్టే కలిసి ఏ డేటా కదలకపోయినా ఎంటీయూ (ఒక్కసారి పంపే డేటా ముక్క సైజు) తగ్గించి చూడాలి. పీపీపీఓఈ లైన్లలో (యూజర్ నేము, పాస్‌వర్డుతో కలిసేవి) అది 1500 కాక 1492 ఉండాలి, వీపీఎన్‌లో ఇంకా తక్కువ కావాల్సి రావచ్చు. మీ బాక్సుకి ఎవరెవరు కలిశారో జాబితా చూడటం కూడా మరవకండి. తెలియని ఫోన్లు ఉంటే పాస్‌వర్డ్ మార్చి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపే సౌకర్యం) ఆపేయండి.

కరెంటు వల్లా, లైను వల్లా?

అమ్మ వాళ్లింట్లో సాయంత్రం ఏడయ్యేసరికి నెట్ పోయేది, కాసేపటికి దానంతటదే వచ్చేది. ఆపరేటర్ దగ్గర అడిగితే ‘లైన్ బాగానే ఉంది’ అన్న జవాబే. ఇలాంటి చోట బాక్సు అడ్మిన్ పేజీలో రెండు అంకెలు చూడాలి. సిస్టమ్ అప్‌టైమ్ అంటే బాక్సుకి కరెంటు వచ్చి ఎంతసేపైంది, వ్యాన్ అప్‌టైమ్ అంటే నెట్ కలిసి ఎంతసేపైంది. ఎవరూ స్విచ్ ముట్టుకోకుండానే సిస్టమ్ అప్‌టైమ్ పది నిమిషాలే చూపిస్తే బాక్సు ఆగి మళ్లీ లేచింది, తప్పు కరెంటుది. బాక్సు రోజుల తరబడి నడుస్తూ, వ్యాన్ అప్‌టైమ్ ఒక్కటే పది నిమిషాలుంటే లైను తెగి కలిసింది, తప్పు బయటిది. అమ్మ వాళ్లింట్లో మొదటిదే జరిగింది. సాయంత్రం ఊళ్లో అందరూ లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు వేసేసరికి వోల్టేజీ ఊగుతుంది. మంచి అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, దాని మీద రాసే ఉంటుంది. అదే అడాప్టర్ ఏళ్ల తరబడి వేడిలో నడిచి బలహీనపడితే చిన్న ఊపుకే చేతులెత్తేస్తుంది.

అడాప్టర్ మార్చేటప్పుడు పాతదాని మీద ఎన్ని వోల్టులు రాసుందో కొత్తదాని మీదా సరిగ్గా అన్నే ఉండాలి. 12 ఉన్నచోట 9 పెట్టినా 19 పెట్టినా చేటే. ఆంపియర్లు మాత్రం అంతే ఉన్నా, ఎక్కువున్నా పర్వాలేదు. పిన్నులో ప్లస్, మైనస్ గుర్తు కూడా పోల్చుకోండి.

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా కరెంటు పోయిన క్షణంలో బాక్సు ఆగి లేస్తుంటే రూటర్ల కోసమే దొరికే చిన్న యూపీఎస్ పెట్టండి, వోల్టేజీ లెక్క దానికీ వర్తిస్తుంది. అది పెట్టాక బాక్సు వెలుగుతూనే ఉండి, వీధిలో కరెంటు పోయినప్పుడల్లా నెట్ కూడా పోతుంటే ఆపరేటర్ యంత్రాలకి బ్యాకప్ లేదన్నమాట. ఆ సంగతి ఆయన్నే అడగాలి.

ఫైబర్ బలం

అదే అడ్మిన్ పేజీలో ఆప్టికల్ సమాచారం అని ఒకటి ఉంటుంది. అక్కడ ఆర్ఎక్స్ పవర్ అనే అంకె చూడండి, బాక్సుకి చేరే కాంతి బలం అది. అది మైనస్‌లో, డీబీఎం అనే కొలతలో ఉంటుంది. మైనస్ కాబట్టి గుర్తు పక్కనున్న అంకె చిన్నదైతే మేలు, -18 మంచిది, -27 ప్రమాదపు అంచు. మూడు డీబీ తగ్గితే కాంతి సగమైనట్టు, పది తగ్గితే పదో వంతు మిగిలినట్టు. -15కీ -25కీ మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. -27 దాటితే పీఓఎన్ లైటు పచ్చగా ఉన్నా కూడా మధ్యమధ్యలో తెగుతుంటుంది.

మా ఎదురింటి పిన్ని ఒకసారి, ‘ఏసీ వేస్తే నెట్ పోతోందమ్మాయ్, కరెంటు చాలట్లేదేమో’ అన్నారు. వినడానికి నమ్మబుద్ధి కాదు గానీ ఏసీ వేస్తే నెట్ పోవడం మాత్రం అక్షరాలా నిజం. ఏసీ ఆపి ఉన్నప్పుడు ఆర్ఎక్స్ -21. ఏసీ వేశాక -29, అంటే కాంతి ఆరో వంతుకి పడిపోయింది. ఏసీ వేసేముందు కిటికీ మూస్తారు కదా, ఫైబర్ ఆ కిటికీ సందులోంచే లోపలికి వచ్చింది, ఇనప రెక్క మూసినప్పుడల్లా దాన్ని నొక్కుతోంది. గోడకి చిన్న రంధ్రం వేయించి అందులోంచి తీగ తెప్పించుకున్నారు, బాధ అక్కడితో తీరింది. ఫైబర్ గాజు పోగు. అది తెగకుండానే, కేవలం నలిగితే, బాగా మడత పడితే కాంతి పక్కకి కారిపోతుంది. మిగిలిన తీగని బిగించి మడిచి మేకుకి కట్టకుండా, టీ గ్లాసు చుట్టంత వెడల్పు తగ్గకుండా వదులుగా చుట్టి వేలాడదీయండి. పచ్చ కనెక్టర్‌ని నీలం రంగు దానితో కలిపి ఉంటే అదీ తప్పే. రెండిటి కొనల కోణం వేరు, కాంతి అక్కడే నష్టపోతుంది.

ఇంటి బయట జరిగేవి వేరు. టంగుటూరు, కొండపి వైపు కట్టెల మంటతో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు నడిచే రోజుల్లో పుల్లల లోడుతో లారీలు ఊళ్లోకి వస్తాయి. కోతల కాలంలో గడ్డి ట్రాక్టర్లు వస్తాయి. రోడ్డుకి అడ్డంగా జారి వేలాడే తీగ వాటికి తగిలి సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది. మీ వీధిలో తీగ అలా కిందికి ఉంటే తెగకముందే ఫొటో తీసి ఆపరేటర్‌కి పంపండి, ఎత్తి కట్టమనండి. మీరు మాత్రం స్తంభం ఎక్కకండి, కర్రతో ఎత్తకండి. ఏపీ ఫైబర్‌నెట్‌తో సహా మన దగ్గర చాలా ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తుంది, పక్కనే ప్రాణాలు తీసే వైరు ఉంటుంది. తుపాను రోజుల్లో స్తంభం పడితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుపాను వచ్చినప్పుడు బాక్సుతో కుస్తీ పట్టి ప్రయోజనం లేదు. ముందు కరెంటు వాళ్లు స్తంభాలు నిలబెట్టాలి, తర్వాతే కేబుల్ వాళ్లు.

రాత్రి తొమ్మిదికి మాత్రమే స్లో అయితే

ఒక క్యాలెండర్ తీసుకుని తేదీ గడిలోనే రాయండి. పొద్దున ఆరుకి తీగలో ఎంత, రాత్రి తొమ్మిదికి ఎంత, రెండు పింగులు ఎంత, ఆర్ఎక్స్ ఎంత, పక్కన వాన, కరెంటు పోయింది లాంటి ఒక్క ముక్క. వారం రోజులకే క్రమం కనిపిస్తుంది. పిన్ని వాళ్ల కిటికీ బయటపడింది కూడా ఇలా వేళలు రాయడం వల్లే.

పొద్దున 95, రాత్రి 15, ఆర్ఎక్స్ రెండు వేళలా ఒకటే అయితే అది రద్దీ. జీపాన్ అనే, ఒక ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతిలో, ఒక ఫైబర్ మీద వచ్చే సుమారు 2.5 గిగాబిట్లని మామూలుగా 32 ఇళ్లో 64 ఇళ్లో పంచుకుంటాయి. దానికన్నా ముఖ్యంగా, ఊళ్లో ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న మొత్తమే తక్కువైతే అందరూ కూర్చుని చూసే వేళకి అది చాలదు. ఇలాంటప్పుడు పెద్ద ప్లాన్‌కి డబ్బు కట్టకండి. పైన లేని నీళ్లు పెద్ద కుళాయి పెట్టినా రావు. నెలాఖరుకే స్లో అవుతుంటే అది వేరు, డేటా పరిమితి దాటి ఉంటుంది. దాటాక ఎంత వేగం ఇస్తారో ప్లాన్ వివరాల్లో చూడండి. 2023 జనవరి నుంచి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలి.

అరుదుగా తప్పు మూడో ముక్కలో, చాలా దూరంలో ఉంటుంది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర సముద్రపు కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది. మన దేశంలోని సైట్లు చకచకా తెరుచుకుంటూ విదేశాల్లోవి మాత్రమే ఆగుతుంటే, రూటర్ ముట్టుకోకుండా వార్తలు చూడండి.

ఫోన్ చేసినప్పుడు

‘నెట్ స్లోగా ఉంది తమ్ముడూ’ అంటే ‘రీస్టార్ట్ చేయండక్కా’ అనే వస్తుంది. అదే, ‘తమ్ముడూ, లాన్ తీగలో 100కి 15 వస్తోంది, బాక్సు పింగ్ ఒక మిల్లీసెకనే ఉంది, 8.8.8.8 కి పదిలో రెండు పోతున్నాయి, ఆర్ఎక్స్ -28, మూడు రోజుల క్రితం దాకా -20 ఉండేది’ అంటే ఆయనకి మీ ఇంటికి ఏ సామాను తేవాలో కూడా తెలుస్తుంది. పాపం వాళ్లు ఎండలో బండి మీద ఊరంతా తిరుగుతుంటారు. సరైన వివరం ఇస్తే వాళ్ల పనీ తేలికవుతుంది, మనకీ త్వరగా బాగవుతుంది. వచ్చి వెళ్లేముందు ఆర్ఎక్స్ ఎంతకి చేరిందో ఆయన ఎదురుగానే చూడండి.

ఆపరేటర్ పట్టించుకోకపోతే మాటల్లో వదిలేయకుండా కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. ఆ నంబరు ఇవ్వడం వాళ్ల బాధ్యత. దానితో తేలకపోతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, డాకెట్ నంబరు వేసి వాళ్లకి రాయండి, క్యాలెండర్ పేజీల ఫొటోలు జతచేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి తెలుగులో కూడా చెప్పుకోవచ్చు.

చివరికి కంపెనీ మార్చాల్సి వస్తే, ముందు మీ వీధిలో ఆ కంపెనీదే వాడుతున్న ఇంటికి రాత్రి తొమ్మిదికి వెళ్లి వాళ్ల బాక్సు దగ్గర టెస్ట్ చేయించుకోండి. ఏడాదికి ఒకేసారి కట్టకండి, మొదట ఒక్క నెలకే కట్టండి. తీగ కిటికీలోంచి కాక గోడ రంధ్రంలోంచి, బాక్సు బీరువా వెనక కాక హాల్లో పెట్టమని దగ్గరుండి చెప్పండి. బిగించిన రోజు ఆర్ఎక్స్ అంకెని, తీగలో వచ్చిన వేగాన్ని స్టిక్కర్ మీద రాసి బాక్సు పక్కకి అంటించండి.